నేల విడిచి సాము

నేల విడిచి సాము చేయకూడదంటారు పెద్దలు. కాళ్ళ కింద ఆధారం లేకుండా చేసే పని చివరికి నడుము విరిచేదేనని మనవాళ్ళ నమ్మకం. కాని పిల్లలు పెద్దల మాట విన్నదెప్పుడు? గడ్డివాము ఎక్కి దూకని పిల్లవాడూ, చెరువుగట్టు మీంచి సైకిలు వదిలెయ్యని కుర్రాడూ, ఉయ్యాల మంచి వూపులో వుండగా చేతులొదిలి ఎగిరి దూకని ఆడపిల్లా మన వూళ్ళలో ఎంతమంది వుంటారో చెప్పండి! భూమి మనల్ని నిజంగానే పట్టుకుని వుందా అని పుట్టిన ప్రతి బిడ్డకీ ఏదో ఒక వయసులో అనుమానం వస్తుంది. ఆ అనుమానం తీర్చుకునే ప్రయత్నానికి మనం పెట్టుకున్న పేరు అల్లరి.

ఈ అల్లరికి అమెరికాలో పెద్ద చరిత్రే వుంది. ఆ చరిత్రలో రాజులూ కోటలూ లేరు. పారలూ, తట్టలూ, మట్టిదిబ్బలూ వున్నాయి. పెరట్లో మట్టి పోగేసి, దాన్ని ఒక వాలుగా చెక్కి, దానిమీదికి బండిని దూకుడుగా పోనిచ్చి, క్షణంసేపు గాలిలో వుండి మళ్ళీ నేలమీద వాలడం. అదీ ఆట. ఆ బండి మొదట సైకిలు, తర్వాత మోటారు సైకిలు. ఇప్పుడు క్వాడ్ బైకు. అంటే మోటారు సైకిలుకి లాగా హ్యాండిలూ, గుర్రం మీద లాగా అటూ ఇటూ కాళ్ళు వేసుకు కూర్చునే సీటూ, బొద్దుగా వుండే నాలుగు చక్రాలూ వున్న బండి. మన నగరాల శివార్లలో రిసార్టులకి వెళ్ళినప్పుడు పిల్లలు డబ్బులిప్పించుకుని నాలుగు చుట్లు తిరిగొస్తారే, అదే.

పోయినేడు వేసవిలో టెనెస్సీ రాష్ట్రంలో వున్న మా చెల్లెలి దగ్గర రెండు నెలలు వున్నాను. వాళ్ళ పెరటి కంచె అవతల ఒక రైతు కుటుంబం వారి పొలం. ఒక శనివారం పొద్దున్నే ఆయనా, పదిహేడేళ్ళ కూతురూ చిన్న ట్రాక్టరుతో మట్టి తోలడం మొదలుపెట్టారు. సాయంత్రానికి నా నడుమెత్తు దిబ్బ లేచింది.

“ఏమిటే ఇది? సమాధి కడుతున్నారా?” అనడిగాను.

“ఛ! అవేం మాటలక్కా! బండితో ఎగరడానికి” అంది చెల్లెలు.

ఎగిరే వైపు ఒక్క పూటలో అయిపోయింది. అవతలి వైపు మాత్రం ఎంతకీ తెమల్లేదు. తర్వాతి శని, ఆదివారాలు కూడా తండ్రీ కూతుళ్ళు అవతలి వైపే పోస్తున్నారు, తడుపుతున్నారు, కొడుతున్నారు. ఎగిరేది ఇటునించి కదా, అటు ఇంత చాకిరీ దేనికని నాకు ఒకటే ఆశ్చర్యం. చెల్లెలు నవ్వి, “వాళ్ళావిడ షరతుట. దిగే వైపు తను స్వయంగా నడిచి చూసి సరేనన్నాకే బండి తాళం ఇస్తుందిట” అంది.

ఆ తల్లి షరతులో ఎంత అర్థం వుందో ఈ ఆట చరిత్ర చదివాక తెలిసింది. వందేళ్ళుగా ఎగరడం చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు లక్షలమంది. దిగడం గురించి ఆలోచించినవాళ్ళు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చారు. మధ్యలో ఎన్నో ఇళ్ళు ఏడ్చాయి.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 1924 మార్చి 29న సర్రే ప్రాంతంలో కేంబర్లీ అనే చోట మోటారు సైకిళ్ళ పోటీ ఒకటి పెట్టారు. ఉత్తరాన యార్క్‌షైరులో బండి నడిపే నేర్పుకి మార్కులు వేసే పోటీ అప్పటికే వుండేది. దక్షిణాది వాళ్ళు ఆ మార్కుల గొడవంతా తీసేసి, గుట్టలూ గోతులూ దాటుకుంటూ ఎవరు ముందొస్తే వారే గెలిచినట్టు అన్నారు. దానికి ‘స్క్రాంబుల్’ అని పేరొచ్చింది. మన భాషలో చెప్పాలంటే ఎగబడటమే! ఆ ఆట ఫ్రాన్సు, బెల్జియంలకి పాకింది. మోటారు సైకిలుకి ఫ్రెంచి పేరులో సగమూ, ఇంగ్లీషులోని ‘క్రాస్ కంట్రీ’లో సగమూ కలిపి ‘మోటోక్రాస్’ అన్నారు. 1952లో యూరప్ ఛాంపియన్‌షిప్, 1957లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలయ్యాయి.

అయితే అప్పటిదాకా దిబ్బ దేవుడిచ్చిందే. కొండ ఎలా వుంటే అలా ఎక్కి దూకడమే. దిబ్బని మనిషి కట్టడమన్నది ఘనంగా జరిగింది అమెరికాలో. 1966లో టోర్‌స్టెన్ హాల్మన్ అనే స్వీడన్ దేశపు ఛాంపియన్ అమెరికా వచ్చి, అక్కడి రౌతులందరినీ వెనక్కి నెట్టి, ఈ ఆట ఇలా ఆడాలి అని చూపించి పోయాడు. ఆరేళ్ళు తిరిగేసరికి అమెరికా దాన్ని తనదైన పద్ధతిలో మార్చేసింది. 1972 జులై 8న లాస్ ఏంజెల్స్‌లోని కొలీజియం స్టేడియంలో, ఒలింపిక్సు జరిగిన ఆ పచ్చికమీద, లారీలతో మట్టి తోలించి దిబ్బలు పోయించారు. ఆ ఏర్పాటు చేసిన మైక్ గుడ్విన్ అంతకుముందు పాటకచేరీలు పెట్టించే మనిషి. జనం కొండదాకా నడవలేరు, కొండనే జనం దగ్గరికి తెస్తే టిక్కెట్లు అమ్ముడవుతాయి అన్నది ఆయన లెక్క. గెలిచింది ఎవరనుకున్నారు? మార్టీ ట్రైప్స్ అనే పదహారేళ్ళ కుర్రాడు! మన దగ్గరైతే ఆ వయసు వాడికి ఇంటర్మీడియట్ ఫీజు కట్టడం గురించి ఆలోచిస్తూ వుంటాం.

ఆ రాత్రి ఇళ్ళకెళ్ళిన పిల్లలందరికీ ఒక సంగతి అర్థమైంది. దిబ్బకి కొండ అక్కర్లేదు. మట్టీ, పారా వుంటే చాలు.

నిజానికి పిల్లలు అంతకు ముందే మొదలెట్టేశారు. 1970 ప్రాంతాల్లో దక్షిణ కాలిఫోర్నియాలో ఇళ్ళు లేవబోయే ఖాళీ స్థలాల్లో కుర్రాళ్ళు చిన్న సైకిళ్ళమీద మోటారు సైకిళ్ళవాళ్ళని అనుకరించేవారు. నోటితోనే ఇంజను చప్పుడు చేసుకుంటూ! 1971లో బ్రూస్ బ్రౌన్ అనే ఆయన మోటారు సైకిళ్ళ మీద తీసిన ‘ఆన్ ఎనీ సండే’ అనే డాక్యుమెంటరీ మొదట్లోనే ఆ సైకిలు పిల్లలు కనిపిస్తారు. అది చూసి దేశమంతటా పిల్లలు పారలు పుచ్చుకున్నారని చెబుతారు. ఆ సైకిలు ఆటకే తర్వాత బి.ఎం.ఎక్స్. అని పేరు స్థిరపడింది. తల్లులు వీపు పగలగొట్టిన ఆ ఆట 2008లో బీజింగ్ ఒలింపిక్సులోకి ఎక్కింది. పిల్లల అల్లరిలో ఏది రేపు పతకమవుతుందో చెప్పడానికి మన దగ్గర పంచాంగం లేదు కదా!

ఈవిల్ నీవల్ పేరు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తెల్ల తోలు దుస్తులు తొడుక్కుని, వరసగా నిలబెట్టిన కార్లమీంచి మోటారు సైకిలుతో దూకేవాడు. 1967 డిసెంబరు 31న లాస్ వేగాస్‌లో ఒక పెద్ద హోటలు ముందున్న ఫౌంటెన్ల మీంచి దూకాడు. 141 అడుగులు. ఫౌంటెన్లు దాటాడు. దిగవలసిన బల్లకి మాత్రం కాస్త ముందే పడ్డాడు. హ్యాండిలు చేతుల్లోంచి జారింది. మనిషి గుడ్డమూటలా దొర్లిపోయాడు. తుంటి ఎముకా తొడ ఎముకా విరిగాయి. ఆ దిగడాన్ని కెమెరాతో పట్టినది ఒక స్త్రీ. లిండా ఇవాన్స్ అనే నటి. తర్వాత ‘డైనాస్టీ’ సీరియల్‌తో బాగా పేరు తెచ్చుకుందే, ఆవిడే. అందరి కళ్ళూ ఎగరడం మీద వుంటే ఆవిడ కెమెరా దిగే చోట వుంది. ఆ ముక్క మందగతిలో మళ్ళీ మళ్ళీ చూపించారు. చిత్రమేమిటంటే, అది చూసి పిల్లలు భయపడలేదు. ఇంటిముందు రెండు ఇటికలు పెట్టి వాటి మీద ఒక చెక్క వాల్చారు. సైకిలు తెచ్చారు. చెక్క ఒక వైపే పెట్టారు, దిగే వైపు పెట్టలేదు. నీవల్ దగ్గర నేర్చుకోవలసిన పాఠం తప్ప మిగతాదంతా నేర్చుకున్నారన్నమాట.

సైకిలు వరకూ ఫరవాలేదు. పడితే మోకాలు చీరుకుంటుంది, మహా అయితే చెయ్యి విరుగుతుంది. అప్పుడే ఇంకొక బండి వచ్చింది.

చలికాలంలో మంచు కురిస్తే అమెరికాలో మోటారు సైకిళ్ళు అమ్ముడుపోవు. దుకాణాలు ఖాళీ. ఆ నాలుగు నెలలూ అమ్ముకోవడానికి ఏదైనా చేసిపెట్టమని హోండా కంపెనీ అమెరికా శాఖ జపానుకి రాసింది. ఒసాము తకెయుచి అనే ఇంజనీరు ఆ పని తీసుకున్నాడు. రెండు చక్రాలు, మూడు, నాలుగు, ఐదు, ఆరు కూడా ప్రయత్నించాడుట. చివరికి మంచులోనూ, ఇసకలోనూ, బురదలోనూ దిగబడకుండా పోగలిగింది మూడు చక్రాల బండే. ప్రాణమంతా ఆ టైర్లలో వుంది. బుడగల్లా లావుగా, చాలా తక్కువ గాలితో, మెత్తగా వుండేవి. స్ప్రింగులు లేవు, టైర్లే స్ప్రింగులు. 1970లో అది బజారుకొచ్చింది. 1971లో జేమ్స్ బాండ్ కూడా ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ సినిమాలో దానిమీద ఎక్కి పారిపోయాడు. ఇంకేం కావాలి? మంచు కోసం చేసిన బండి ఏడాది పొడుగునా ఇంటింటా ఆటబొమ్మ అయిపోయింది. 1982లో సుజుకి కంపెనీ నాలుగో చక్రం తగిలించి క్వాడ్ రన్నర్ తెచ్చింది. 1985లో అదే కంపెనీ పందెం కోసమే ఒక క్వాడ్ చేసింది. మరుసటేడు హోండా, ఆ పై ఏడు యమహా తమ తమ పందెపు క్వాడ్లు దింపాయి. ఇవి నిజంగా ఎగరగల బళ్ళు.

ఇప్పుడు ఆలోచించండి. పెరట్లో దిబ్బ వుంది. అది సైకిలు కొలతకి, పదేళ్ళ పిల్లవాడి ఒంటి బరువుకి కట్టినది. దాని మీదికి ఇంజనుతో, తనకి మూడింతలూ నాలుగింతలూ బరువున్న బండితో అదే పిల్లవాడు వస్తున్నాడు. సైకిలు మీంచి పడితే పిల్లవాడు ఒక పక్క, సైకిలు ఒక పక్క పడతారు. ఈ బండి పడితే పిల్లవాడి మీద పడుతుంది.

మూడు చక్రాలది మరీ దగా. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి వుంటాయి కనక రెండూ ఒకే వేగంతో తిరగాలి. తిప్పాలంటే ఒళ్ళంతా ఒక పక్కకి వాల్చి, లోపలి చక్రం మీద బరువు తగ్గించాలి. ఆ కిటుకు పెద్దవాళ్ళకే ఆలస్యంగా వస్తుంది. ముందు ఒక్కటే చక్రం. ఎగిరి దిగినప్పుడు అది కాస్త పక్కకి తిరిగి వుందా, బండి పల్టీయే.

1985లో అమెరికా ప్రభుత్వం వారి వినియోగదారుల భద్రతా సంఘం ఈ బళ్ళమీద విచారణ మొదలెట్టింది. 1986 ఒక్క ఏడాదిలో ఈ బళ్ళవల్ల దెబ్బలు తగిలి ఆసుపత్రుల ఎమర్జెన్సీ గదులకి చేరినవాళ్ళు 80 వేలకి పైనేనని అంచనా వేశారు. వాళ్ళలో పదహారేళ్ళలోపు పిల్లలు ఎందరో. దిబ్బలమీదే అందరూ పడ్డారని కాదు. రోడ్డుమీదా, వాగుల్లోనూ, మలుపుల్లోనూ, వెనక ఇంకొకర్ని ఎక్కించుకునీ పడ్డారు. కాని మూలం ఒక్కటే. చూడ్డానికి బొమ్మలా వుంది కనక ఇది బొమ్మే అని పెద్దవాళ్ళు నమ్మారు. పుట్టినరోజుకి కొనిచ్చారు.

ప్రభుత్వం కోర్టుకెళ్ళింది. 1988 ఏప్రిల్లో కంపెనీలతో ఒక ఒడంబడిక కుదిరింది. మూడు చక్రాల బళ్ళ అమ్మకం ఆపేయాలి. 90 సి.సి. దాటిన బండి పదహారేళ్ళలోపు పిల్లలకోసమని అమ్మకూడదు. కొన్నవాళ్ళకి వుచితంగా శిక్షణ ఇప్పించాలి. బండిమీద హెచ్చరికలు అంటించాలి. పదేళ్ళు నడిచింది ఆ ఒడంబడిక. అది అయిపోయిన పదేళ్ళకి, 2008లో, ఏకంగా చట్టమే చేసి కొత్త మూడు చక్రాల బళ్ళని నిషేధించారు. అంతా బాగానే వుంది కాని, అప్పటికే ఇళ్ళల్లో వున్న లక్షలాది బళ్ళని కంపెనీలు వెనక్కి తీసుకోవాలన్న షరతు మాత్రం ఆ ఒడంబడికలో లేదు. అవి కొట్టాల్లోనే వుండిపోయాయి. చట్టం దుకాణం తలుపుదాకా వస్తుంది. కొట్టం తాళం మాత్రం ఇంటివాళ్ళ చేతిలోనే వుంటుంది. మా చెల్లెలి పొరుగింటావిడ తాళం కొంగున కట్టుకున్నట్టుగా అంత పట్టుగా ఎందుకు వుందో ఇప్పుడు తెలిసింది కదా!

ఇంతకీ ఆవిడ దిగే వైపు ఎందుకు నడిచి చూస్తుంది? ఇక్కడ కాస్త లెక్కలున్నాయి. లెక్కలనగానే పేజీ తిప్పకండి, మన వంటింటి లెక్కలకంటే కష్టమేం కాదు.

ఒక మామూలు దిబ్బ తీసుకుందాం. అయిదడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు. ఎక్కే వాలు పన్నెండడుగులు. ఆ పైన ఇరవై అడుగులు చదును. దాన్ని వాళ్ళు బల్ల అంటారు. తర్వాత దిగే వాలు ఇరవై అడుగులు. మొత్తం మట్టి 2160 ఘనపుటడుగులు. మన ట్రాక్టరు ట్రక్కుకి వంద చొప్పున వేసుకున్నా ఇరవై ఒకటిన్నర ట్రక్కులు. అందులో ఎక్కే వైపు పట్టేది ఎంతో తెలుసా? ఆరింట ఒక్క వంతు. మిగతా అయిదు వంతుల మట్టీ బండి క్షేమంగా దిగడానికే!

ఆ దిబ్బ మీంచి గంటకి 25 కిలోమీటర్ల వేగంతో ఎగిరితే బండి 11 అడుగులు పోయి బల్లమీదే పడుతుంది. ఒళ్ళు అదురుతుంది, అంతే. అదే 35తో ఎగిరితే 25 అడుగులు పోతుంది. అంటే సరిగ్గా దిగే వాలు మొదట్లో, పిల్లి దిగినట్టు దిగుతుంది. అమ్మయ్య! ఇంకాస్త ఊపు వుంటే బాగుంటుందనుకుని 50తో ఎగిరితే? 55 అడుగులు! వాలు మొత్తం దాటేసి చదునైన నేలమీద పడుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, దూరం రెట్టింపు దాటింది. ఈ లెక్కలు మా ఇంట్లో ఫిజిక్సు చదివే అమ్మాయి చేత గాలి అడ్డు లేదనుకుని వేయించాను. కాయితం చూశాక మా అమ్మాయి, “అమ్మా, ఇది భయం కాదు, వర్గం” అంది. వేగం పెరిగిన కొద్దీ దూరం వేగం వర్గంతో పెరుగుతుందిట.

మరి వాలు మీద దిగితే నొప్పి ఎందుకు తక్కువ? మెట్ల మీంచి దూకిన పిల్లవాడికీ, జారుడుబల్ల మీంచి జారిన పిల్లవాడికీ వున్న తేడాయే. పడేవాడి దారికి నేల కూడా వంగి దారిస్తే దెబ్బ సర్దుకుంటుంది. అడ్డంగా నిలబడితే దెబ్బంతా నడుముకే.

కట్టడంలో ఇంకా మెలకువలున్నాయి. మట్టి మరీ ఇసకగా వుండకూడదు, కాస్త బంక వుండాలి. గడ్డీ వేళ్ళూ ఏరెయ్యాలి. బరువు కలిసొస్తుంది కదా అని పాత దుంగలూ, టైర్లూ లోపల పెట్టి పైన మట్టి కప్పితే, కొన్నాళ్ళకి లోపల కుళ్ళి పైన గుంట పడుతుంది. జానెడు మందాన మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆ పైన మళ్ళీ పొర వెయ్యాలి. మన పెద్దవాళ్ళు ఇంటి అరుగులు వేయించింది ఇలాగే కదూ! ఎక్కే వాలు నెమ్మదిగా లేవాలి. చివర్లో ఉన్నట్టుండి నిటారుగా లేస్తే అది బండి వెనక భాగాన్ని ఎత్తి తలకిందులు చేస్తుంది. ఇక క్వాడ్ కోసం కట్టే దిబ్బకి ముఖ్యమైనది అంచు. సైకిలుకి జానెడు వెడల్పు బాగుంటే చాలు. క్వాడ్ ముందు చక్రాలు రెండూ ఒకేసారి నేలని విడవాలి. అంచు ఒక పక్క ఒక బెత్తెడు పల్లంగా వుందా, బండి గాలిలోనే పక్కకి ఒరిగిపోతుంది. అందుకే దారం కట్టి, మట్టం చూసి చెక్కుతారు. ముగ్గుకి చుక్కలు పెట్టే చేతికి ఈ పని బాగా అబ్బుతుందేమో!

గాలిలో వున్నప్పుడు కూడా బండి కొంత మాట వింటుంది. ఇంజను వేగం పెంచితే వెనక చక్రాలు గిర్రున తిరిగి, ఆ వూపుకి ముందు భాగం లేస్తుంది. వెనక బ్రేకు నొక్కి చక్రాలని ఆపితే ముందు భాగం వంగుతుంది. గాలిలో పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా తన చక్రాలనే పట్టుకుని బండి తనని తాను దిద్దుకుంటుందన్నమాట. కాని అది ముందుకీ వెనక్కీ మాత్రమే. పక్కకి ఒరిగిన బండిని నిలబెట్టే మీట ఏదీ లేదు. ఆ దిద్దుబాటు నేలమీదే, పారతోనే జరిగిపోవాలి.

ఇదంతా మగవాళ్ళ గొడవ అనుకుంటున్నారేమో. నాష్‌విల్ నగరానికి పశ్చిమంగా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో హరికేన్ మిల్స్ అనే పల్లె వుంది. జానపద బాణీలో పాటలు పాడి దేశాన్ని ఏలిన లొరెట్టా లిన్‌ది ఆ ఎస్టేటు. బొగ్గుగని కార్మికుడి కూతురు. పదహారేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. ఇరవై ఏళ్ళకి నలుగురు పిల్లలు. తన పాటల సంపాదనతో 1966లో ఆ భూమి కొన్నది. 1982 నించి ఆ భూమిలోనే అమెరికా అమెచ్యూర్ మోటోక్రాస్ జాతీయ పోటీలు జరుగుతున్నాయి. క్వాడ్ పోటీలు కూడా పెడతారు. వేసవి వచ్చిందంటే కుటుంబాలు గుడారాలతో, పసిపిల్లలతో, వంటసామానుతో దిగిపోతాయి. 1984లో ఆ ఎస్టేటులోనే నది దాటబోయి లొరెట్టా పెద్ద కొడుకు మునిగిపోయాడు. ఎక్కినది గుర్రం, ఇంజను లేదు. ఆ తర్వాత కూడా ఆవిడ తన నేలమీద ఇతరుల పిల్లల పోటీలు ఆపించలేదు. 2022లో ఆవిడ పోయింది. పోటీలు ఇప్పటికీ ఆవిడ పేరుతోనే నడుస్తున్నాయి.

యాష్లీ ఫియొలెక్ అని మరొక అమ్మాయి. పుట్టుకతోనే చెవులు వినిపించవు. మోటారు సైకిలు నడిపేవాళ్ళు ఇంజను చప్పుడు విని గేరు మారుస్తారు. వెనక ఎవరొస్తున్నదీ చప్పుడుతోనే పోల్చుకుంటారు. ఈ అమ్మాయి ఇంజను అదురుని ఒంటితో విని గేర్లు మార్చేది. 2008, 2009, 2011, 2012. నాలుగుసార్లు అమెరికా మహిళా మోటోక్రాస్ ఛాంపియన్. ఆ అమ్మాయిని మొదటిసారి బండెక్కించడానికి ఆ తల్లి ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని ఆలోచించి వుంటుందో నాకు ఊహించడం కష్టం కాదు. మీకూ కాదు.

నన్నడిగితే ఈ చరిత్రంతా ఆ తల్లుల ఆలోచనల చరిత్రే. వద్దు అనడం తేలిక. వద్దన్న ప్రతి దిబ్బా పక్క వీధిలో, మనకి తెలియకుండా, దిగే వాలు లేకుండా లేస్తుంది. రెండు ఇటికలూ ఒక చెక్కా. సరే అనడం ఇంకా తేలిక. పుట్టినరోజుకి తాళం చేతిలో పెట్టి లోపలికొచ్చి టీవీ పెట్టుకోవడమే. 1980ల్లో ఎందరో అలా సరే అన్నారు. కష్టమైనది మూడోది. ఎంత వయసుకి ఎంత బండో చూడటం, తలకి హెల్మెట్ వుందో లేదో చూడటం, రెండు వారాలు పార పట్టించడం, అవతలి వైపు చెప్పుల్లేకుండా నడిచి ఎక్కడ గుల్లగా వుందో పాదంతో పట్టడం. ఇది ఒక్క బళ్ళకే కాదు. పిల్లని దూరం చదువుకి పంపేటప్పుడూ, కొడుకు వుద్యోగం మానేసి వ్యాపారం పెడతానన్నప్పుడూ మనం చూసుకోవలసింది కూడా అదే కదా. వాళ్ళు ఎంత ఎత్తుకి ఎగురుతారో మన చేతిలో లేదు. దిగే వైపు మట్టి పోసి వుంచామా అన్నది కొంతవరకైనా మన చేతిలో వుంది. అది పోసినా పడేవాళ్ళు పడతారు. పొయ్యకపోతే లేచే అవకాశం తక్కువ.

ఈ చరిత్రకి శిలాశాసనాలు దొరకవు. లాస్ ఏంజెల్స్ స్టేడియంలో పోసిన మట్టిని ఆట అయిపోగానే లారీలు తిరిగి ఎత్తుకుపోయాయి. పెరటి దిబ్బలు రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే కరిగి, గడ్డి మొలిచి, ఆవులు మేసే మామూలు మిట్టలైపోతాయి. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోతారు, పొలాలు చేతులు మారతాయి. ఎప్పుడో ఆ నేల కొన్నవాళ్ళు, చదునైన చోట ఈ గుట్టేమిటి చెప్మా అనుకుంటారు. దున్నించేముందు ఒకసారి అటూ ఇటూ నడిచి చూస్తే వాళ్ళకే తెలుస్తుంది. ఒక వైపు పొట్టిగా, నిటారుగా వుండి, రెండో వైపు పొడుగ్గా, తీరిగ్గా వాలి వుంటే మాత్రం, ఒకప్పుడు ఈ ఇంట్లో పిల్లలూ వుండేవారు, వాళ్ళకోసం లెక్క చూసినవాళ్ళూ వుండేవారు అనుకోవచ్చు.